పాత మందు చచ్చిన మందు కాదు

సంబరాలకు మిగిలిన తుపాకి మందుతో పల్లెలకు పొంచి ఉన్న ముప్పు

దీపావళి అమావాస్య వెళ్లిన నాలుగవ నాడు నాగుల చవితి. దీపావళికి మిగిలిన బాణసంచాను ఆ చవితినాడు కాల్చివేయడం శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల పల్లెలలో పెద్దల నాటి ఆనవాయితీ. ఆనాటికి కూడా మిగిలినది అటక ఎక్కుతుంది. గ్రామదేవత సంబరానికి జువ్వలు కట్టగా మిగిలిన మందు ఏ డబ్బాలోనో, ఏ గుడ్డ మూటలోనో పశువుల శాల చూరుకు చేరుతుంది. కొండ మీది ఊళ్లలో వేట కోసం దాచిన మందు చెమ్మ తగలకూడదని పొయ్యికి దగ్గరగా వేలాడుతుంది. ఏడాదికో రెండేళ్లకో అది ఎవరి చేతికైనా తగిలితే ఇంటి పెద్దలు అనే మాట ఒక్కటే: "పాతదిరా, ఎప్పుడో చచ్చిపోయి ఉంటుంది."

ఈ మాటలోనే ప్రమాదం ఉన్నది. తుపాకి మందు ధాన్యం వలె పుచ్చిపోయేది కాదు. పొడిగా ఉన్నంత కాలం దాని బలం దానికి ఉంటుంది. చచ్చిపోయిందన్న నమ్మకంతో దానిని పెనం మీద వేడి చేయడం, గడ్డ కట్టినదానిని రోట్లో నలగగొట్టడం, అంటుకుంటుందో లేదో చూద్దామని అగ్గిపుల్ల గీయడం వలన చేతులు, కళ్లు, ప్రాణాలు పోతున్నవి. ఈ విషయమై పల్లెలలో ఉన్న అపోహలు ఏమిటి, అసలు సంగతి ఏమిటి, చట్టం ఏమంటున్నది, పాత మందు ఇంట్లో ఉన్నవారు ఏమి చేయాలి అన్నవి ప్రతి కుటుంబమూ తెలుసుకోవలసిన విషయాలు.

వయసుతో తగ్గే గుణం కాదు

తుపాకి మందు మూడు సరుకుల కలయిక. సూరేకారం, గంధకం, బొగ్గు. సూరేకారానికే పెట్లుప్పు అని పేరు. ఈ పొడి నల్లగా ఉంటుంది గనుక ఇతర దేశాలలో దీనిని నల్లపొడి అన్న అర్థం వచ్చే పేరుతో పిలుస్తారు. మన వైపు నల్లమందు అంటే అభిని కాబట్టి తుపాకి మందు అన్న పేరే స్థిరపడింది.

ఈ మూడింటిలో ఏ ఒక్కటీ నిలవ ఉన్నంత మాత్రాన చెడిపోయేది కాదు. గంధకం కొండలలో యుగాల తరబడి ఉన్నది. బొగ్గు కుళ్లదు. సూరేకారం ఉప్పు వంటిది, దానంతట అది విరగదు. అందుచేత మూడూ కలిసిన పొడి కూడా చెమ్మ తగలని చోట ఏళ్ల తరబడి అలాగే ఉంటుంది. నేటి తుపాకుల తూటాలలో వాడే పొగలేని మందు అటువంటిది కాదు. అది కాలక్రమాన లోలోపల విరిగి, ఆమ్లం పుట్టి చెడిపోతుంది. దానికి వయసు ఉన్నది. తుపాకి మందుకు ఉన్న శత్రువు వయసు కాదు, నీరు.

బహిరంగంగా పోసిన తుపాకి మందుకు నిప్పు తగిలితే భగ్గుమని మండుతుంది. అదే మందు మూత బిగించిన డబ్బాలోనో, గట్టిగా చుట్టిన కాగితంలోనో, ఇనుప గొట్టంలోనో ఉంటే పుట్టిన వాయువుకు దారి లేక ఆ గోడలను చీల్చుకుని వస్తుంది. మనం పేలుడు అనేది దానినే. డబ్బా గట్టిదైన కొద్దీ పేలుడు బలమైనదవుతుంది, డబ్బా ముక్కలే గుళ్లవుతాయి. మూత బిగించిన ఇత్తడి చెంబులోనో, ఇనుప డబ్బాలోనో మందు దాచడం భద్రత అనుకునేవారు ఈ సంగతి గమనించాలి.

రెండు వందల ఏళ్ల మందు

మందు ఎంత కాలం నిలుస్తుంది అన్న ప్రశ్నకు లోకంలో జరిగిన సంఘటనలే సమాధానం చెబుతున్నవి.

అమెరికాలోని న్యూయార్కు నగరంలో సెంట్రల్ పార్కు అనే పెద్ద తోట ఉన్నది. అక్కడ 1780లో మునిగిపోయిన ఒక ఇంగ్లీషు యుద్ధనౌకకు చెందిన ఫిరంగి ఉన్నది. 2013 జనవరిలో పనివారు దానికి పట్టిన తుప్పు గీకుతూ గొట్టంలోని బిరడా తీయగా లోపల గుండు, ఉన్నిగుడ్డలో చుట్టిన తుపాకి మందు కనిపించాయి. ఆ మందు 800 గ్రాములకు పైబడి ఉన్నది. పోలీసులను పిలిపించి దానిని తీయించారు. మందుకు ఇంకా పేలే శక్తి ఉన్నదని పోలీసులు తేల్చారు. అంటే 230 ఏళ్లకు పైగా ఆ ఫిరంగి మందు దట్టించిన స్థితిలోనే ఉన్నదన్నమాట. అంతకాలం దాని పక్కన జనం తిరుగుతూనే ఉన్నారు.

అదే దేశంలోని వర్జీనియా రాష్ట్రంలో 2008 ఫిబ్రవరిలో ఇంతకంటె విషాదం జరిగింది. 1861-65 మధ్య జరిగిన అంతర్యుద్ధం నాటి ఫిరంగి గుండ్లను సేకరించి శుభ్రపరిచే అనుభవశాలి ఒకరు తన ఇంటి ఆవరణలో ఒక పాత గుండుపై పని చేస్తుండగా అది పేలి ప్రాణాలు కోల్పోయారు. దాని ముక్క ఒకటి పావు మైలు దూరం ఎగిరి మరొకరి ఇంటి వసారాను చీల్చుకుపోయింది. సుమారు 140 ఏళ్ల నాటి మందు, వందల గుండ్లు చూసిన చేయి, అయినా తప్పలేదు.

మన దేశంలో కర్ణాటకలోని శివమొగ్గ జిల్లా నగర గ్రామంలో 2018 జూలైలో ఒక పాడుబడిన బావిని తవ్వగా వెయ్యికి పైగా ఇనుప రాకెట్లు బయటపడ్డాయి. అవి 18వ శతాబ్దంలో టిప్పు సుల్తాను సైన్యం యుద్ధాలలో వాడినవని పురావస్తు శాఖవారు గుర్తించారు. బావి మట్టి మందుగుండు వాసన కొట్టడమే ఆ తవ్వకానికి దారి చూపింది.

ఉభయ జిల్లాలకు తుపాకి మందు చరిత్ర కొత్తది కాదు. 1757 జనవరి 24న బొబ్బిలి కోట గోడలను కూల్చినవి బుస్సీ దొర ఫిరంగులే. 1794 జూలై 10న విజయరామరాజు పద్మనాభం వద్ద కుంపిణీ సేనతో పోరాడి నేలకొరిగిన యుద్ధంలో ఉభయ పక్షాలవారి తుపాకులలో ఉన్నదీ ఈ మందే. కాబట్టి పాత కోటల వద్ద, చెరువు పూడిక తీసేటప్పుడు, పునాదులు తవ్వేటప్పుడు గుండ్రటి ఇనుప గుండు గాని, బిరడా వేసిన పాత గొట్టం గాని దొరికితే దానిని పాత ఇనుము కింద తూకానికి వేయడమో, సుత్తితో కొట్టి చూడడమో చేయరాదు. ఇనుప గుండ్లలో గట్టివి ఉంటాయి, లోపల మందు నింపిన బోలువీ ఉంటాయి. పైకి చూసి తేల్చడం సామాన్యులకు సాధ్యం కాదు.

తడిసిన మందు తంటా

ఈ తీరానికి తుఫానులు వచ్చే కాలమూ, బాణసంచా నిలవ చేసే కాలమూ ఒక్కటే. హుద్‌హుద్ తుఫాను 2014 అక్టోబరు 12న, దీపావళికి పదకొండు రోజుల ముందు వచ్చింది. తిత్లీ తుఫాను 2018 అక్టోబరు 11న, పండుగకు నాలుగు వారాలు లేకుండానే పలాస ప్రాంతాన్ని అతలాకుతలం చేసింది. పైకప్పులు లేచిపోయిన ఇళ్లలో బియ్యమూ బట్టలతోపాటు తడిసినవాటిలో మందుగుండు కూడా ఉంటుంది. తుఫాను లేని ఏట కూడా కార్తీకం వరకు గాలిలో చెమ్మ తగ్గదు. సముద్రపు గాలి తగిలే భావనపాడు, కళింగపట్నం, పూసపాటిరేగ వైపు చెప్పనక్కరలేదు.

తడిసిన మందులో జరిగేది ఇది. సూరేకారం నీటిలో కరుగుతుంది. గంధకం, బొగ్గు కరగవు. కరిగిన సూరేకారం అంచులకు చేరి, నీరు ఆరిన తరువాత తెల్లటి పెచ్చు వలె పైకి తేలుతుంది. అటువంటి మందులో ఒక చోట సూరేకారం ఎక్కువ, ఒక చోట బొగ్గు ఎక్కువ. కొంత అంటుకోదు, కొంత అనుకున్నదానికంటె వేగంగా అంటుకుంటుంది. ఒక్కసారి తడిసి ఆరిన మందు ఎప్పుడు ఏ విధంగా మండుతుందో కట్టినవారు కూడా చెప్పలేరు. దానిని ఎండబెట్టి తిరిగి మంచి మందుగా చేయడం కుదరదు. పెనం మీద వేడి చేయడం ఆత్మహత్యతో సమానం. ఒక్క నిప్పురవ్వ చాలు.

తారాజువ్వలది మరొక చిక్కు. జువ్వ గొట్టంలో మందును గట్టిగా దట్టిస్తారు. అది అడుగు నుండి పైకి వరుసగా మండితేనే జువ్వ లేచిపోతుంది. చెమ్మకు ఉబ్బి, ఎండకు కుంచించుకుని, అటక మీద నాలుగు రుతువులు గడిచేసరికి ఆ మందులో సన్నని పగుళ్లు వస్తాయి. అప్పుడు నిప్పు ఆ పగుళ్లలోకి దూరి మందంతా ఒక్కసారే అంటుకుంటుంది. పైకి పోవలసిన జువ్వ చేతిలోనే బాంబు అవుతుంది. వత్తి సంగతీ అంతే. తడిసి ఆరిన వత్తి నసుగుతూ ఆగిపోయినట్టుంటుంది. ఆరిపోయిందని వంగి చూసేసరికి అందుకుంటుంది. దీపావళి మరునాడు ఆసుపత్రికి వచ్చే కంటి గాయాలకు ఈ వంగి చూడడం ఒక ముఖ్య కారణం.

డబ్బాలో పడి ఉన్న పాత మందు కదలికలకు నలిగి పిండి అవుతుంది. గింజ కట్టిన మందు కంటె పిండి త్వరగా నిప్పు అందుకుంటుంది. ఆ పిండి మూత మరలలోకి చేరుతుంది. మూత బలంగా తిప్పితే రాపిడి పుడుతుంది. ఇనుముకు ఇనుము, రాయికి ఇనుము తగిలితే నిప్పురవ్వ వస్తుంది. అనుభవం గల పనివారు చెక్క, రాగి, ఇత్తడి సామాను తప్ప ఇనుప గరిటె కూడా దగ్గరకు రానివ్వకపోవడానికి కారణం ఇదే.

పొటాషు వేరు

పల్లెలలో మందు అన్న ఒక్క మాటకే రెండు మూడు అర్థాలు ఉన్నవి. ఇది మరింత ప్రమాదకరం. సూరేకారంతో చేసిన తుపాకి మందు ఒకటి. పొటాషు అని పిలిచే క్లోరేటును గంధకంతోనో, మరి దేనితోనో కలిపినది మరొకటి. కొట్టితే పేలేవి, విసిరితే పేలేవి ఈ రెండవ రకానివే. తుపాకి మందుకు నిప్పు కావాలి. పొటాషు మందుకు నిప్పు అక్కరలేదు, రాపిడి చాలు, దెబ్బ చాలు. ఇది పాతబడి చెమ్మ తగిలితే గంధకం నుండి ఆమ్లం పుట్టి, ఎవరూ ముట్టకుండానే అంటుకునే ప్రమాదం ఉన్నది. అంటే తుపాకి మందు పాతబడినా బలం పోదు, పొటాషు మందు పాతబడిన కొద్దీ మరింత చెడ్డది అవుతుంది. క్లోరేటును గంధకంతో కలిపిన మందును మన దేశపు నిబంధనలు నిషేధించింది ఇందుకే.

ఏలూరులో 2024 అక్టోబరు 31న, దీపావళి నాడు, స్కూటరుపై ఉల్లిపాయ బాంబుల సంచి తీసుకుపోతుండగా బండి గుంతలో పడి అవి పేలాయి. ఒకరు అక్కడికక్కడే మరణించారు. ఆరుగురు గాయపడ్డారు. అక్కడ అగ్గిపుల్ల గీసినవారు లేరు. రోడ్డు గుంత ఒక్కటి చాలింది.

అటక మీద దొరికిన డబ్బాలో ఉన్నది ఏ రకమో రంగు చూసి, వాసన చూసి చెప్పడం సాధ్యం కాదు. కాబట్టి పేరు, తేదీ రాసి లేని ప్రతి మందునూ పొటాషు మందుగానే భావించి దూరంగా ఉండడం క్షేమం.

జిల్లాలలో ఎక్కడెక్కడ

పాత మందు నిలవలు ఉభయ జిల్లాలలో ప్రధానంగా నాలుగు చోట్ల ఉండే అవకాశం ఉన్నది. మొదటిది సంబరాలు జరిగే ఊళ్లు. విజయనగరం పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం మొదలు, శంబర పోలమాంబ జాతర, కోటబొమ్మాళి కొత్తమ్మతల్లి ఉత్సవం, మూడేళ్లకో అయిదేళ్లకో ఒకసారి చేసుకునే ఊరి పండుగల వరకు బాణసంచా లేనిదే సంబరం కాదన్న పట్టుదల జనంలో ఉన్నది. ఊరి పండుగ ఏళ్లకు ఒకసారి వస్తుంది గనుక మిగిలినది ఏళ్ల తరబడి ఉంటుంది. వచ్చే సంబరానికి డబ్బు కలిసి వస్తుందని దాచడమే ఎక్కువ.

రెండవది మన్యం గ్రామాలు. 2022 ఏప్రిల్ 4న పార్వతీపురం మన్యం జిల్లా ఏర్పడిన తరువాత కూడా సీతంపేట నుండి సాలూరు వరకు కొండ ప్రాంతపు జీవనంలో వేట జ్ఞాపకం పోలేదు. నాటు తుపాకి గొట్టంలో మందు దట్టించి గోడకు తగిలించి ఉంచడం ఆనాటి అలవాటు. ఇందులో రెండు ముప్పులు కలిసి ఉన్నవి. లోపలి మందు ఏళ్లు గడిచినా బ్రతికే ఉంటుంది. తుపాకి కాల్చగా గొట్టంలో మిగిలిన మసి మాత్రం గాలిలోని చెమ్మను పీల్చి ఇనుమును తినివేస్తుంది. మందు బలం తగ్గకుండా, గొట్టం బలం తగ్గితే, ఎదుటి జంతువుకు తగలవలసిన దెబ్బ కాల్చినవాని ముఖానికే తగులుతుంది. నాటు తుపాకి ఉండడం ఆయుధాల చట్టం కింద నేరం, వేట వన్యప్రాణి చట్టం కింద నేరం అన్నది అట్లా ఉంచి, ఈ ఒక్క కారణంగానైనా వాటిని వదిలించుకోవాలి.

మూడవది పంట పొలాలు. అడవి పందుల బెడద నిజమైనది. రైతు కడుపు మంట కూడా నిజమైనదే. కాని పంది కోసమని ఎరలో పెట్టిన నాటు బాంబు పందిని ఎంచుకోదు. మేతకు వెళ్లిన ఆవు నోరు, కట్టెలకు వెళ్లిన పిల్లవాని చేయి దానికి ఒక్కటే. కేరళలోని పాలక్కాడు జిల్లాలో 2020 మే నెలలో పేలుడు పదార్థం పెట్టిన పండు కొరికి, చూలుతో ఉన్న ఏనుగు నీటిలో నిలబడి ప్రాణం విడిచిన సంగతి దేశమంతటికీ విదితమే. ఏనుగులు తిరిగే పార్వతీపురం ప్రాంతంలో దీనిని మరువరాదు.

నాలుగవది రాతి క్వారీలు. టెక్కలి, మెళియాపుట్టి వైపు గ్రానైటు ప్రసిద్ధం. రాయిని పిండి చేయకుండా దిమ్మలుగా విడదీయడానికి నెమ్మదిగా నెట్టే తుపాకి మందు పనికివస్తుంది. లైసెన్సు గల బ్లాస్టరు చేతిలో ఇది ఒక పనిముట్టు. పేలకుండా ఉండిపోయిన రంధ్రాన్ని మళ్లీ గుచ్చడం, మిగిలిన మందును కూలీలు ఇంటికి తెచ్చుకోవడం మాత్రం ఎక్కడ జరిగినా ప్రాణాంతకం. బావి తవ్వకానికి, బండ పగలగొట్టడానికి అని పాత మందు అడిగి తెచ్చుకునే రైతులు కూడా ఈ విషయం గ్రహించాలి.

ప్రమాదాలు చెబుతున్నది ఏమిటి

అనకాపల్లి జిల్లా కోటవురట్ల మండలం కైలాసపట్నంలో 2025 ఏప్రిల్ 13న బాణసంచా తయారీ కేంద్రంలో జరిగిన పేలుడులో ఎనిమిది మంది మరణించారు. అదే సంవత్సరం అక్టోబరు 8న, దీపావళి 12 రోజులు ఉన్నదనగా, కోనసీమ జిల్లా రాయవరంలో మరొక కేంద్రంలో జరిగిన ప్రమాదంలో ఆరుగురు ఆ రోజే ప్రాణాలు కోల్పోగా తరువాత మృతుల సంఖ్య పెరిగింది. 2014 అక్టోబరు 20న కాకినాడ దగ్గర వాకతిప్పలో, 2015 మార్చిలో ఎస్.రాయవరం మండలం గోకులపాడులో ఇటువంటి దుర్ఘటనలే జరిగాయి. కేరళలోని పుట్టింగల్ ఆలయంలో 2016 ఏప్రిల్ 10 తెల్లవారుజామున ఉత్సవానికి నిలవ చేసిన బాణసంచా పేలి వందమందికి పైగా మరణించారు.

ఈ ప్రమాదాలన్నీ పాత మందు వలన జరిగినవి కావు. కాని ఇవి చెప్పే సంగతి ఒకటి ఉన్నది. ఈ పనికే వేరుగా కట్టిన షెడ్లలో, చేయి తిరిగిన పనివారి మధ్య కూడా ఒక్క క్షణపు ఏమరపాటు ఇంతటి నష్టం కలిగిస్తుంటే, కిరసనాయిలు దీపం, వంట గ్యాసు, బీడీ ముక్క, చిన్న పిల్లలు ఉన్న ఇంట్లో కిలో పాత మందు ఉండడం ఎంత అపాయమో చెప్పనవసరం లేదు. బలైనవారిలో ఎక్కువమంది రోజు కూలీకి వచ్చిన బీదవారు, స్త్రీలు. నష్టపరిహారం చెక్కు వారి ఇంటి దీపాన్ని తిరిగి వెలిగించదు.

చట్టం ఉన్నది, దారి లేదు

మందుగుండు విషయంలో 1884 నాటి పేలుడు పదార్థాల చట్టం, దాని కింద 2008లో వచ్చిన నిబంధనలు అమలులో ఉన్నవి. 15 కిలోలకు మించకుండా బాణసంచా గాని, తుపాకి మందు గాని తయారు చేయడానికి లైసెన్సు ఇచ్చే అధికారం జిల్లా మేజిస్ట్రేటుది. అంతకు మించితే నాగపూరు ప్రధాన కార్యాలయంగా గల కేంద్ర పేలుడు పదార్థాల భద్రతా సంస్థను ఆశ్రయించాలి. సుప్రీంకోర్టు 2018 అక్టోబరు 23న ఇచ్చిన తీర్పులో బేరియం లవణాలు గల బాణసంచాను నిషేధించింది. కాలుష్యం తక్కువగా ఉండే హరిత బాణసంచాను మాత్రమే అనుమతించింది. అంటే అంతకు ముందు కొని అటక మీద ఉంచిన పాత సరుకు క్షేమం కాదు, చట్ట సమ్మతమూ కాదు.

చట్టంలో లోటు లేదు. లోటు మరొక చోట ఉన్నది. తాత దాచిన మందు డబ్బా ఇంట్లో ఉన్నదని ఒక రైతు గ్రహించాడనుకుందాం. అతడు దానిని ఎవరికి ఇవ్వాలి? పోలీసు స్టేషనుకు వెళ్లి చెబితే కేసు పెడతారేమోనని భయం. చెప్పకుంటే ఇంట్లో ముప్పు. ఈ సందిగ్ధంలో నూటికి తొంభైమంది ఎంచుకునే దారి మూడవది. చీకటి పడ్డాక దానిని గెడ్డలోనో, పాడుబడిన నుయ్యిలోనో పారవేస్తారు, లేదా పొలం గట్టున కుప్ప పోసి నిప్పు పెడతారు. మొదటి దానివల్ల మందు మరొకరి చేతికి చేరవచ్చు. రెండవ దానివల్ల నిప్పు పెట్టినవారే కాలిపోవచ్చు.

నాటు తుపాకులను స్వచ్ఛందంగా అప్పగించవలసిందిగా మన్యంలో పోలీసులు పిలుపునిస్తూ వచ్చారు. అప్పగించినవారు ఉన్నారు. అదే పద్ధతి పాత మందుకు ఎందుకు వర్తించరాదన్నది ఆలోచించవలసిన విషయం. దసరాకు ముందు ఒక వారం రోజులు, ప్రతి మండలంలో, ఇంట్లో పాత మందు ఉన్నదని చెప్పినవారిపై కేసు ఉండదని ప్రకటించి, బాంబు నిర్వీర్య దళం, అగ్నిమాపక సిబ్బంది స్వయంగా వచ్చి తీసుకుపోయే ఏర్పాటు చేస్తే అటకలు ఖాళీ అవుతాయి. మందును జనం మోసుకురావడం కాదు, సిబ్బంది జనం దగ్గరకు రావాలి. గ్రామంలో దండోరా వేయించే పని పంచాయతీ చేయగలదు. దీనికి పెద్ద ఖర్చు లేదు. కావలసినది కలెక్టర్ల, పోలీసు సూపరింటెండెంట్ల ఉత్తర్వు ఒక్కటే.

గ్రామస్థులు పాటించవలసినవి

ఇంట్లో విడి మందు గాని, పేరు తెలియని మందు డబ్బా గాని కనబడితే దానిని కదపరాదు. మూత తీయరాదు. వాసన చూడరాదు. ఆ గదిలో పొయ్యి, దీపం, బీడీ ఆర్పివేసి, పిల్లలను, పశువులను దూరంగా పంపి, 112కు గాని, అగ్నిమాపక కేంద్రం 101కు గాని ఫోను చేయాలి. గాయపడినవారి కోసం 108 ఉన్నది.

అంగడిలో కొన్న చిన్న చిన్న బాణసంచా కొద్దిగా మిగిలి ఉంటే వాటిని విప్పరాదు. ఆరుబయట ఒక పెద్ద తొట్టిలో నిండుగా నీరు పోసి, ఒక్కొక్కటిగా వేసి, రాత్రంతా పూర్తిగా మునిగి ఉండేలా చూడాలి. చెంబుడు నీళ్లు చిలకరించడం చాలదు. వెలుగు కోసం లోహపు పొడులు కలిపిన మందుకు అరకొర తడి తగిలితే వేడెక్కే ప్రమాదం ఉన్నది. నానిన తరువాత వాటిని నూతికి, చెరువుకు దూరంగా గొయ్యి తీసి పూడ్చాలి. ఆ నీటిని కుడితి తొట్టి దగ్గర గాని, పశువులు మేసే గట్టున గాని పారబోయరాదు. అందులో కరిగి ఉన్న సూరేకారం పశువులకు విషం. ఎక్కువగా తాగిన పశువు ఊపిరి ఆడక గంటలలో చనిపోతుంది.

కాల్చినా పేలని బాంబు దగ్గరకు వెంటనే పోరాదు. చాలాసేపు ఆగి దూరం నుండి నీళ్లు కుమ్మరించాలి. రెండవసారి వత్తి వెలిగించరాదు. కాలి మిగిలిన వాటిలోని మందును పోగుచేసి కాగితంలో చుట్టి కాల్చే ఆట పిల్లలకు మహా ఇష్టం. వారి వేళ్లు పోయేది ఆ ఆటలోనే. తల్లిదండ్రులు, ఉపాధ్యాయులు దీనిని కఠినంగా మాన్పించాలి.

లైసెన్సు ఉండి మందుతో పని చేసేవారు కొన్న తేదీ రాసి పెట్టుకోవడం, పాత దానిని కొత్త దానిలో కలపకపోవడం, కొద్ది కొద్దిగా వేర్వేరు చోట్ల పొడిగా నిలవ చేయడం, తడిసినదానిని ఆరబెట్టి వాడకుండా అధికారుల సమక్షంలో నాశనం చేయించడం విధిగా పాటించాలి. సంబరం కమిటీలు మిగిలిన సరుకును దాచే పద్ధతి మాని, లైసెన్సు గల వ్యాపారికి అదే రోజు తిరిగి ఇచ్చే షరతుతో కొనుగోలు చేయడం మేలు.

ముందుగానే మేలుకోవాలి

దుర్ఘటన జరిగిన మరునాడు మంత్రులు, అధికారులు రావడం, తనిఖీలు జరగడం, నెల తిరిగేసరికి అన్నీ మరచిపోవడం జనం చూస్తున్నదే. తయారీ కేంద్రాలను తనిఖీ చేయడానికి శాఖలు ఉన్నవి. అటకలను తనిఖీ చేయడానికి ఏ శాఖా లేదు. అది ఇంటివారే చేసుకోవలసిన పని.

పాత బియ్యం, పాత చింతపండు, పాత బెల్లం గుణం తెలిసిన పల్లెలు పాత మందు గుణం కూడా తెలుసుకోవలసి ఉన్నది. ఈ ఏడు దసరా సున్నాలకు ఇల్లు దులిపేటప్పుడు అటక మీద చేయి పెట్టే ముందు ఇంటి పెద్దలు పిల్లలను పక్కకు పంపి, అక్కడ ఏమి ఉన్నదో ఒకసారి గుర్తు తెచ్చుకోవాలి. మందు ఉన్నదని చెప్పినవారికి భయం లేకుండా చేసే బాధ్యత మాత్రం ప్రభుత్వానిది. ఉభయ జిల్లాల అధికారులు దీపావళికి ముందే ఈ విషయమై తగు శ్రద్ధ వహించవలసి ఉన్నది.